సూదులు వేయించుకున్నాక చేసిన బీ12 రిపోర్టును నమ్మొచ్చా?

నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాయినకు 61 ఏండ్లు, షుగరు వచ్చి 12 ఏండ్లు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ రెండు పూటలా వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పులకు నొప్పి గోలీ, దానితోపాటు పరగడుపున గ్యాస్ గోలీ కూడా ఏండ్ల తరబడి నడుస్తున్నాయి. ఏడాదిగా అరికాళ్ళు మండుతున్నాయి, చేతి వేళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి లేచి బయటికి పోతే తూలుతున్నారు. ఊళ్ళో ఐదు ఎర్ర సూదులు, అంటే బీ12 విటమిన్ సూదులు, వేశారు, కొంచెం నయమనిపించి మళ్ళీ మొదలైంది. ఆ తర్వాత రక్త పరీక్ష చేయిస్తే బీ12 1400 వచ్చింది. హిమోగ్లోబిన్ 11.2, ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) 88, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 8.1. 'బీ12 కావలసినదాని కంటే ఎక్కువే ఉంది, ఇదంతా షుగరే, ఇట్లనే ఉంటది' అన్నారట. మెట్‌ఫార్మిన్ ఆపేయాలా, బీ కాంప్లెక్స్ గోలీలు చాలా అన్నది తమ్ముడి ప్రశ్న.

ముందు ఆ 1400 సంగతి చూద్దాం. తమ్ముడూ, సూది పడ్డాక చేసిన బీ12 పరీక్ష ఆ సూది రక్తంలోకి చేరిందని మాత్రమే చెప్తుంది. అంతకుముందు లోపం ఉందా లేదా, నరాలకు సరిపడా అందిందా లేదా అన్నది ఆ అంకెలో దొరకదు. ఒక్క సూదిలో 500 నుంచి 1500 మైక్రోగ్రాములు ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. అంత మందు ఒక్కసారి పడితే రక్తంలో అంకె వారాల తరబడి పైనే ఉంటుంది. కాబట్టి మీ నాయినకు బీ12 లోపం లేదని ఆ రిపోర్టు చూసి కొట్టిపారేయడానికి వీల్లేదు. నువ్వు రాసిన వివరాలను బట్టి చూస్తే, లోపం ఉండి ఉండే అవకాశమే ఎక్కువగా కనపడుతోంది. ఎందుకో చెప్తా.

మెట్‌ఫార్మిన్ మంచి మందు, చవక మందు. కానీ దీర్ఘకాలం వాడితే చిన్నపేగు చివరి భాగంలో బీ12 పీల్చుకోవడం తగ్గుతుంది. మనం తిన్న బీ12 కడుపులో ఊరే ఒక ప్రోటీన్‌తో జతకూడి పేగు చివర దాకా పోతుంది. అక్కడి గోడలోకి పోవాలంటే కాల్షియం సాయం కావాలి. మెట్‌ఫార్మిన్ ఆ కాల్షియం పనికి అడ్డుపడుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. 2010లో వెలువడిన ఒక డచ్ పరిశోధనలో ఇన్సులిన్ మీద ఉన్నవారికి 850 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ రోజుకు మూడుసార్లు చొప్పున నాలుగేండ్లకు పైగా ఇచ్చి చూశారు. ఉత్తుత్తి గోలీ వేసుకున్నవారితో పోలిస్తే బీ12 సుమారు 19 శాతం పడిపోయింది. అమెరికాలో ఏండ్ల తరబడి సాగిన మరో పెద్ద పరిశోధనలో మెట్‌ఫార్మిన్ వాడిన ఒక్కో ఏడాదికీ లోపం వచ్చే అవకాశం 13 శాతం చొప్పున పెరిగింది. 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీన్ని 'తరచుగా కనపడే దుష్ప్రభావం'గానే ప్రకటించింది, పది మందిలో ఒకరి దాకా ఉండొచ్చని చెప్పింది.

ఇది ఒక్కరోజులో జరిగేది కాదు. మన కాలేయంలో 2 నుంచి 5 మిల్లీగ్రాముల బీ12 నిలవ ఉంటుంది, అంటే ఏండ్లకు సరిపోయే సరుకు. అందుకే మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన మొదటి ఏడాది ఏమీ తెలియదు. నాలుగైదేండ్లు దాటాక, అందులోనూ రోజుకు 1500, 2000 మిల్లీగ్రాములు వాడేవారిలో, అడుగంటడం మొదలవుతుంది. మీ నాయిన పన్నెండేండ్ల లెక్కలో ఉన్నారు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. 'మా నాయిన మెట్‌ఫార్మిన్ వాడట్లేదు, వేరే గోలీ' అంటారు. షుగరు గోలీ పేరు చివర 'ఎం1', 'ఎం2' అని ఉంటే ఆ 'ఎం' మెట్‌ఫార్మినే. పక్కనున్న అంకె గ్లిమిపిరైడ్ ఎన్ని మిల్లీగ్రాములో చెప్తుంది. మెట్‌ఫార్మిన్ 500 ఉందా 1000 ఉందా అన్నది అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అట్ట తిప్పి చదువు. రెండు పూటలూ 1000 అయితే రోజుకు 2000 పోతున్నట్టు.

దీనికి గ్యాస్ గోలీ తోడైంది. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఏదైనా కడుపులో ఆమ్లం తగ్గిస్తుంది. మాంసం, గుడ్డు, పాలలోని బీ12 ఆ తిండిలోని ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే ఆ ఆమ్లమే కావాలి. అంటే గ్యాస్ గోలీ ముందు తలుపు మూస్తే మెట్‌ఫార్మిన్ వెనక తలుపు మూస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు ఈ కలయిక ఎందుకు ఎక్కువో మనకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన తరం ఇది. కీళ్ళ నొప్పులు, దానికి నొప్పి గోలీ, నొప్పి గోలీకి కడుపు మంట, కడుపు మంటకు గ్యాస్ గోలీ. ఒకదాని వెంట ఒకటి ఇరవై ఏండ్లు నడుస్తాయి, ఎవరూ ఆపరు. పైగా షుగరున్నవారి కిడ్నీకి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ నేరుగా దెబ్బ. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. గ్యాస్ గోలీ ఇంకా అవసరమా అని డాక్టరును అడుగు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఎప్పుడైనా కడుపులో పుండు అయి ఉన్నా మాత్రం సొంతంగా మానిపించకు.

'ఎంసీవీ 88 మామూలుగా ఉంది కదా, బీ12 తగ్గితే ఎర్రకణాలు పెద్దవవుతాయి కదా' అని ఎవరైనా అంటే దానికీ జవాబుంది. బీ12 లోపం కణాన్ని పెద్దది చేస్తుంది, ఐరన్ లోపం చిన్నది చేస్తుంది. రెండూ కలిసి ఉంటే సగటు మామూలుగా వస్తుంది. మన దగ్గర ఐరన్ లోపం ఎంత మామూలో చెప్పక్కర్లేదు. నొప్పి గోలీలతో పేగులో కొద్దికొద్దిగా రక్తం పోతుంటే మరీను. అందుకే ఎంసీవీ చూసి ఊరుకోకుండా ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవ), రక్తపు చుక్కను గాజు పలక మీద చూసే స్మియర్ అడగాలి. ఇంకో మాట: హిమోగ్లోబిన్ పూర్తిగా మామూలుగా ఉన్నప్పుడు కూడా బీ12 లోపం నరాలను దెబ్బతీయగలదు. రక్తం బాగుంది కాబట్టి నరాలూ బాగున్నాయనుకోవద్దు.

మరి ఈ మంట షుగరుదా, బీ12దా? నిజం చెప్పాలంటే చాలామందిలో రెండూ ఉంటాయి. ఒకదాన్ని మరొకటి పెంచుతుంది. కానీ కొన్ని గుర్తులు బీ12 వైపు చూపిస్తాయి. షుగరు వల్ల వచ్చే నరాల దెబ్బ కాలి వేళ్ళ చివర మొదలై, మేజోడు తొడిగినట్టు రెండు కాళ్ళలో సమానంగా, మెల్లగా ఏండ్ల మీద పైకి వస్తుంది. అది మోకాళ్ళ దాకా వచ్చాకే సాధారణంగా చేతుల జోలికి వస్తుంది. కాళ్ళలో ఇంకా పాదాల దగ్గరే ఉండగా చేతి వేళ్ళు కూడా తిమ్మిరెక్కాయంటే అనుమానించాలి. చీకట్లో తూలడం రెండో గుర్తు. బీ12 లోపం వెన్నుపాము వెనక భాగాన్ని తినేస్తుంది. కాలు ఎక్కడ పడుతోందో మెదడుకు చెప్పే దారి అది. వెలుతురు ఉన్నంతసేపు కండ్లు ఆ లోటు పూడుస్తాయి, చీకట్లో బయటపడుతుంది. పొద్దున మొహం కడుక్కుంటూ కండ్లు మూసుకుంటే పక్కకు ఒరగడం, మెడ ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు కొట్టినట్టు కావడం, నాలుక నున్నగా ఎర్రగా మారి కారం తగిలితే మండటం, మతిమరుపు కూడా ఈ కోవలోవే. ఇంట్లో చూడాలంటే నాయినను గోడ పక్కన పాదాలు దగ్గర పెట్టి నిలబెట్టి, నువ్వు పట్టుకునేంత దగ్గర ఉండి, కండ్లు మూసుకోమను. కండ్లు తెరిచినప్పుడు స్థిరంగా ఉండి, మూసిన వెంటనే ఊగిపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పు. అక్కడ 128 హెర్ట్జ్ శ్రుతి దండం కాలి బొటనవేలి మీద ఆనించి అదురు తెలుస్తోందా అని, 10 గ్రాముల సన్నటి నైలాన్ పోగుతో పాదం మీద స్పర్శ తెలుస్తోందా అని చూస్తారు. చూడకపోతే అడుగు. ఐదు నిమిషాల పని.

మీ దిక్కు మూడోది కూడా మరిచిపోవద్దు. ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు దెబ్బతినడం, ముదిరితే మెడ దగ్గర వెన్నుపూస సందు ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. అప్పుడు కాళ్ళు మంట కంటే బిగుసుకుపోవడం ఎక్కువ. నడుస్తుంటే కాలు కర్రలా ఉంటుంది, మెడ తిరగదు, మూత్రం ఆపుకోలేరు. దీనికి ఎన్ని ఎర్ర సూదులు వేసినా ఫలితం ఉండదు. ఈ లక్షణాలు ఏవైనా ఉంటే మెడ ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీయించాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. సూదులు పడకముందు అయితే వరుస సులువు: ముందు పరీక్ష, తర్వాత మందు. బీ12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200 నుంచి 300 దాకా అనుమానం. ఆ మధ్యలో ఉంటే మిథైల్ మలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పరీక్షలు తోడు చేస్తారు. అవి పెరిగి ఉంటే కణాల లోపల బీ12 చాలడం లేదని అర్థం. షుగరుతో కిడ్నీ దెబ్బతిన్నవారిలో ఆ రెండూ ఊరికే కూడా పెరుగుతాయి కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో కలిపే చదవాలి. కొన్ని ల్యాబులు పికోమోల్‌లలో ఇస్తాయి, అక్కడ 148 అంటే ఇక్కడి 200. జుట్టు రాలకుండా ఉండాలని బయోటిన్ గోలీలు వాడేవారు పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపాలి. కొన్ని మెషీన్లలో బయోటిన్ వల్ల బీ12 తప్పుగా ఎక్కువ చూపిస్తుంది.

మీ నాయిన విషయంలో ఆ అవకాశం దాటిపోయింది. నిజం తెలుసుకోవడానికి మందు ఆపి నెలల తరబడి ఎదురుచూడటం నేనైతే ఒప్పుకోను. తూలుతున్న మనిషిలో వెన్నుపాము నష్టం ఏడాది దాటితే తిరిగి రాకపోవచ్చు. లోపం ఉన్నట్టే భావించి పూర్తి కోర్సు ఇవ్వడమే సరైన దారి. ఐదు సూదులతో ఆపేయడమే ఇక్కడ జరిగిన పొరపాటు. నరాల లక్షణాలు ఉన్నప్పుడు సాధారణంగా 1000 మైక్రోగ్రాముల సూది రోజు విడిచి రోజు రెండు మూడు వారాలు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున నెల రెండు నెలలు, పిదప నెలకొకటి ఇస్తారు. మెట్‌ఫార్మిన్ నడిచినన్నాళ్ళు నెల సూదో, రోజువారీ గోలీయో నడవాలి. కచ్చితమైన లెక్క డాక్టరు రాయాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. గుండెకు రక్తం పలచబడే మందు వాడుతుంటే కండలో సూది వేసే ముందే ఆ సంగతి చెప్పు.

గోలీతో కుదరదా అంటే కుదురుతుంది, మోతాదు చూసుకుంటే. మామూలు దారి మూసుకుపోయినా, మింగిన బీ12లో ఒక శాతం దాకా ఏ సాయమూ లేకుండానే పేగులోంచి జారిపోతుంది. 1000 మైక్రోగ్రాముల గోలీ వేసుకుంటే పది మైక్రోగ్రాములు అందుతాయి. అది చాలు. కానీ మామూలు బీ కాంప్లెక్స్ గోలీలో ఉండే బీ12 తరచుగా 5 నుంచి 15 మైక్రోగ్రాములే. దాంట్లో ఒక శాతం అంటే ఏమీ లేనట్టే. అందుకే 'రోజూ బీ కాంప్లెక్స్ వేస్తున్నాం, అయినా తగ్గలేదు' అన్న మాట ఇంటింటా వినపడుతుంది. అట్ట మీద సయనోకోబాలమిన్ లేదా మిథైల్‌కోబాలమిన్ పక్కన అంకె ఎంతుందో చూడు. 500కు తక్కువైతే ఈ పనికి అది కాదు. నడవడం కుదురుబడే దాకా మాత్రం సూదే నయం.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే ఒక ప్రమాదముంది. రక్తం పెరుగుతుంది, మొహంలో కళ వస్తుంది, కానీ బీ12 లేక నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి చూపిన బృందాన్ని 1940లలో నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన చేతుల మీదుగా వచ్చిన ఈ మందును ఎట్లా వాడాలో మన ఇండ్లల్ల మరీ బాగా తెలిసి ఉండాలని నాకు అనిపిస్తుంది. బీ12 మొదలుపెట్టకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వకూడదు.

'నరాల గోలీ' పేరుతో వచ్చే మిశ్రమాల విషయంలో ఇంకా జాగ్రత్త. వాటిల్లో బీ6, అంటే పైరిడాక్సిన్, కొన్నిట్లో 50, 100 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. రోజుకు రెండు మిల్లీగ్రాములతో సరిపోయే విటమిన్ ఇది. నెలల తరబడి ఎక్కువ పడితే బీ6 తానే నరాలను చెడగొడుతుంది. అదే తిమ్మిరి, అదే తూలడం. ఒక డాక్టరు రాసిన గోలీ, ఇంకో డాక్టరు రాసిన గోలీ, షాపాయన ఇచ్చిన బలం గోలీ మూడింట్లో బీ6 కలిసిపోతుంది, మంట పెరుగుతుంది, ఇంకో గోలీ చేరుతుంది. నాయిన వాడే అట్టలన్నీ ముందు పెట్టుకుని బీ6 మొత్తం కూడి చూడు.

కిడ్నీ దెబ్బతిన్నవారికి ఇంకో హెచ్చరిక. 2010లో కెనడాలో షుగరు వల్ల కిడ్నీ జబ్బు వచ్చిన 238 మంది మీద ఒక పరిశోధన ఫలితం వచ్చింది. వారిలో సగం మందికి రోజుకు ఫోలిక్ యాసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బీ6 25 మిల్లీగ్రాములు, బీ12 ఒక మిల్లీగ్రాము కలిపి ఇచ్చారు. మేలు జరుగుతుందనుకుంటే వారిలోనే కిడ్నీ పనితీరు వేగంగా పడిపోయింది, గుండెపోటు, పక్షవాతం లాంటివి ఎక్కువయ్యాయి. లోపం ఉన్నవారికి బీ12 ఇవ్వొద్దని దీని అర్థం కాదు. లోపం లేకుండా, 'బలానికి' అని మూడూ కలిపి పెద్ద మోతాదులో ఏండ్లకేండ్లు మింగొద్దని అర్థం. క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత లెక్క), మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించకుండా ఈ మందులు సాగించకు. ఈజీఎఫ్‌ఆర్ 45 కంటే పడితే మెట్‌ఫార్మిన్ తగ్గించాలి, 30 కంటే పడితే ఆపాలి. మెట్‌ఫార్మిన్ ఆపాలా అన్న నీ ప్రశ్నకు జవాబు అక్కడుంది. కిడ్నీ బాగుంటే బీ12 కోసం దాన్ని ఆపనక్కర్లేదు.

బీ1, అంటే థయమిన్, గురించి రెండు మాటలు. షుగరున్నవారిలో కిడ్నీ గుండా బీ1 ఎక్కువగా కారిపోతుంది. 2007లో బ్రిటన్ పరిశోధకులు షుగరున్నవారి రక్తంలో థయమిన్ మామూలు వారి కంటే 75 శాతం దాకా తక్కువని చూపించారు. దానికి మన తిండి తోడు: తెల్లగా మరపట్టిన బియ్యం, నాలుగు నీళ్ళలో కడగడం, గంజి వార్చడం. ఒళ్ళు వాపుకు ఫ్యూరోసమైడ్ వాడేవారు, రోజూ మద్యం తాగేవారు ఇంకా తొందరగా కోల్పోతారు. జొన్న రొట్టె, పెసలు, కందులు, పల్లీలు ఈ లోటును చాలావరకు పూడుస్తాయి. బెన్‌ఫోటియమిన్ (బీ1లో ఒక రకం) గోలీలతో నరాలు బాగవుతాయన్నదానికి ఆధారాలు మిశ్రమంగా ఉన్నాయి. డబ్బు తక్కువుంటే దాని మీద పెట్టకు.

తిండితో బీ12 తెచ్చుకుంటామంటే లెక్క ఇట్లా ఉంటుంది. అన్నిట్లోకి కార్జం గొప్పది, యాభై గ్రాముల్లోనే పదుల మైక్రోగ్రాములు. కానీ ఒళ్ళు ఒక పూటలో, ముందు చెప్పిన కడుపులో ఊరే ప్రోటీన్ సాయంతో, పట్టుకోగలిగింది ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే. ఆదివారం ఒక్కరోజు కడుపునిండా కార్జం, బోటి తిని వారమంతా పచ్చిపులుసు అన్నంతో నడిపితే లెక్క కుదరదు. రోజూ ఒక గుడ్డు, రెండు పూటలా పాలో పెరుగో కాస్త కాస్తగా పడటమే మేలు. అంబలి, చద్దన్నం ఒంటికి మంచివే కానీ నమ్మదగినంత బీ12 వాటిల్లో ఉండదు. శనివారం, సోమవారం ఒక్కపొద్దులు ఉండేవారు ఆ రోజుల్లో పెరుగు వదలొద్దు. అయితే ఒకసారి అడుగంటిన నిలవను, మెట్‌ఫార్మిన్ వాడుతూ, తిండితోనే నింపడం కాని పని. తిండి మళ్ళీ పడిపోకుండా కాపాడుతుంది, అంతే.

కోర్సు మొదలయ్యాక ఏమవుతుందో ముందే తెలిస్తే మధ్యలో మానేయరు. నీరసం, నాలుక మంట రెండు వారాల్లో తగ్గుతాయి. హిమోగ్లోబిన్ రెండు నెలల్లో సర్దుకుంటుంది. నరాలకు మూడు నుంచి ఆరు నెలలు, కొందరికి ఏడాది పడుతుంది. మొదటి వారాల్లో తిమ్మిరి కొంచెం పెరిగినట్టు కూడా ఉండొచ్చు, భయపడొద్దు. రాత్రి మంటకు ప్రెగాబాలిన్ లాంటిది రాస్తే అది నొప్పిని అణచడానికే. మత్తు, కాళ్ళ వాపు, తూలడం పెరగడం దానితో రావొచ్చు. ముందే తూలుతున్న మనిషికి తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టమని అడుగు.

హెచ్‌బీఏ1సీ విషయంలో ఒక మెలిక. బీ12 లోపంలో పాత ఎర్రకణాలు ఎక్కువ కాలం ఉండి ఆ అంకెను పైకి చూపించగలవు. సూదులు పడ్డాక కొత్త కణాలు ఒక్కసారిగా పుట్టి అంకె తగ్గుతుంది. 8.1 కాస్తా రెండు నెలల్లో 7.2 అయితే షుగరు అదుపులోకి వచ్చిందని గోలీలు తగ్గించొద్దు. ఆ మూడు నెలలు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసిన అంకెలనే నమ్ముకో.

ఈలోపు పాదాలు జాగ్రత్త. స్పర్శ తగ్గిన కాలికి పత్తి చేనులో మోడు గుచ్చుకున్నా, బత్తాయి ముల్లు దిగినా తెలియదు. వట్టి కాళ్ళతో నడవనివ్వకు. మంట ఉందని వేడి ఇటుకతో కాపడం, వేడి నీళ్ళ బకెట్టు అసలే వద్దు, కాలి బొబ్బలెక్కినా తెలియదు. నీళ్ళ వేడి నీ మోచేతితో చూసి పెట్టు. రోజూ రాత్రి పాదం కింద అద్దం పెట్టి చూడు. బాత్రూం దారిలో చిన్న లైటు రాత్రంతా వెలగనివ్వు. సూదులు పని చేసేలోపు తుంటి విరగకుండా కాపాడేది అదే.

మూత్రం ఆగిపోయినా, ఒక కాలు ఉన్నట్టుండి బలం తప్పినా, రోజురోజుకూ నడక దిగజారుతున్నా వారం కూడా ఆగకు. నల్గొండ సర్కారు పెద్దదవాఖానకో, హైదరాబాద్ నిమ్స్‌లో నరాల విభాగానికో తీసుకుపో. పోయేటప్పుడు గోలీల అట్టలన్నీ, సూదులు ఏ తేదీన ఎన్ని వేశారో రాసిన కాగితం, సూది సీసా మీది పేరు పట్టుకుపో. నువ్వు పంపిన వివరాల్లో క్రియాటినిన్, థైరాయిడ్ అంకెలు లేవు. అవి చేయించి ఇక్కడ పెడితే మెట్‌ఫార్మిన్ మోతాదు గురించి డాక్టరును ఏం అడగాలో వివరంగా చెప్తా.